గడ్డం పెరిగిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఊరి ఆడవాళ్లు నన్ను చూసి కుళ్లుకున్నారు. నేను జమ్మలమడుగులో ఉండే దేవకుమారిని చూసి కుళ్లుకున్నాను. వాళ్ల కుళ్లు ఎన్నికలకు ముందే పోయింది. నాకు డెబ్బై దాటినా నాది పోలేదు.

పెద్దముడియం పక్కన మా ఊరు. అది పంచాయతీ ఎన్నికల ఏడు. ఊళ్లో ఒక పక్షానికి సుంకిరెడ్డి మామ పెద్ద. ఆయన జీపు నడిపేది కృపావరం. ఆ జీపులో వెనక సీట్లో ఆయనకు కాపలాగా కూర్చునేది మా ఆయన ఆదినారాయణ. నాతో గడిపిన పొద్దుకన్నా మా ఆయన కృపావరంతో గడిపిన పొద్దే ఎక్కువ. ఒకే బీడీని ఇద్దరూ మార్చి మార్చి తాగేవాళ్లు. ఆ బీడీని చూసి కూడా ఓర్చుకోలేని మనిషిని నేను.

చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో, ఒక పగటిపూట జమ్మలమడుగు నుంచి వస్తూ మా ఆయన బీడీ కట్ట కోసం మలుపు దగ్గర అంగడి కాడ దిగాడు. "ఈడే ఉండు, జీపు తిప్పుకోనొస్తా" అన్నాడంట కృపావరం. తిప్పుకునే చోటే అవతలి పక్షం వాళ్లు బాంబులు వేశారు. వాళ్లు వచ్చింది సుంకిరెడ్డి మామ కోసం. ఆయన ఆ పూట జీపులోనే లేడు.

కృపావరాన్ని జమ్మలమడుగు సమాధుల తోటలో పెట్టారు. దేవకుమారి కృపావరం భార్య. ఆమె గుంత పక్కనే నిలబడి, మా ఊరి దారిని తలుచుకుని, "ఆ ఊరి దావ ఇంక తొక్కను" అంది, ఎవరితోనో కాదు, మట్టితో. మా ఆయన పెట్టెకు భుజం పట్టాడు, పిడికెడు మట్టి వేశాడు, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంట్లో చుక్క లేదు. చూసిన వాళ్లంతా గట్టి గుండె అన్నారు.

మా అరుగు కింద ఆదివారం ఆదివారం మంగలి ఓబన్న పొది విప్పేవాడు. మొదటి వారం మా ఆయన "ఈ తూరి వద్దులే ఓబన్నా" అన్నాడు. తర్వాతి వారం ఆ మాట కూడా అనలేదు, లేచి రాలేదు. సంగటి ముద్ద సగం తినేవాడు, సగం కుక్కకు వేసేవాడు. ఒక రోజు చారులో ఉప్పు చాలలేదని సంగటి తట్ట గోడకేసి కొట్టాడు. అంతకుముందు ఉప్పు ఎక్కువైనా తక్కువైనా తెలియని మనిషి.

గడ్డం బాగా కమ్ముకున్నాక సుంకిరెడ్డి మామ మా ఇంటికొచ్చాడు. వెనక నలుగురు.

"ఏమప్పా ఆదినారాయణా, ఏందిది?" అని తన చెంప మీద చెయ్యి ఆడించుకున్నాడు.

మా ఆయన నేల చూశాడు.

సుంకిరెడ్డి మామ మెల్లగా తల ఊపాడు. "అర్థమైందిలే. చెప్పద్దు. ఇట్లాంటివి నోటితో చెప్పేటివి గావు." వెనక వాళ్లవైపు తిరిగాడు. "చూసినారా అబ్బీ? పంతం పట్టినాడు. మొగోడంటే అట్లుండాల."

మా పక్కల అప్పట్లో అదొక కట్టు. తమ మనిషిని చంపితే, చంపినవాళ్ల మీద పగ తీరేదాకా ఒకడు గడ్డం పెంచుతాడు. ఆ గడ్డం ఇక వాడిది కాదు, ఊరిది. వాడు తినకపోతే పంతం. నిద్రపోకపోతే పంతం. పెళ్లాంతో మాట్లాడకపోతే అది మరీ పెద్ద పంతం. మా ఆయనకు లేచి గడ్డం గీయించుకునే ఓపిక లేదని, అంతకు మించి ఏమీ లేదని, ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

కొళాయి కాడ ఆడవాళ్లు నాకు దారి ఇచ్చేవాళ్లు.

"నీ మొగుడు మొగోడు వనజక్కా. మా ఇంట్లోనూ ఉండాడు ఒకడు. సారా ప్యాకెట్టు చిరిగితే తప్ప వానికి రోషం రాదు."

నేను బిందె ఎత్తుకుని తల నిలబెట్టి నడిచేదాన్ని. గర్వం లేదంటే అబద్ధం. కానీ ఇంట్లోకి రాగానే ముందు ఆయన చెప్పులు ఉన్నాయా అని చూసేదాన్ని. నా చిన్నప్పుడు మా నాయన పత్తి బండి తోలుకుని ప్రొద్దుటూరికి పోతూ "పోతాండా" అన్నాడు. "పోయొస్తా" అనలేదు. బండి వచ్చింది, ఆయన రాలేదు. అప్పటినుంచి మా ఇంట్లో గడప దాటే ఎవరైనా నాకు "పోయొస్తా" అని చెప్పి తీరాలి. మా ఆయన నవ్వుతూనే చెప్పేవాడు. ఆ ఎండాకాలం చెప్పడం మానేశాడు. చెప్పులు వేసుకుని, చేతిలో కట్టె ముక్క కూడా లేకుండా, ఒక్కడే జమ్మలమడుగు దావన పోయేవాడు. అవతలి పక్షం వాళ్లు ఆ దావలోనే కాచుకుంటారని తెలిసీ పోయేవాడు.

"ఎంత గుండెరా ఆయప్పకు" అనేది ఊరు.

ఆ గుండె యాడికి పోతోందో నాకు గుల్జార్‌బీ చెప్పింది. గాజుల గంప నెత్తిన పెట్టుకుని జమ్మలమడుగుకూ మా ఊరికీ తిరిగే మనిషి. నా చెయ్యి పట్టి గాజు ఎక్కిస్తూ, "ఒక మాట చెప్తా, చెయ్యి లాగద్దు, గాజు పగుల్తాది" అంది.

"చెప్పు."

"ఆస్పత్రి ఎనక సందులో, దేవకుమారి గడప కాడ, నీ మొగుని చెప్పులు చూసినా."

"ఎప్పుడు?"

"నేను పోయినప్పుడల్లా."

నేను చెయ్యి లాగాను. గాజు పగిలింది.

"సచ్చినోని పెండ్లాము గదా, ధైర్యం చెప్పేదానికి పోతాండాడేమోలే" అంది గుల్జార్‌బీ, పెంకులు ఏరుకుంటూ.

"రోజూ చెప్పేంత ధైర్యం ఉందా ఆయన కాడ? ఇంట్లో ఒక మాట చెప్పేదానికి లేదే."

ఆ వారమే మా ఆయనకు కడుపులో మంట ఎక్కువైంది. నీళ్లు తాగినా తిరిగి వచ్చేవి. ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి, పంతం పట్టిన మనిషి మంచాన పడితే పక్షానికి పరువు తక్కువని సుంకిరెడ్డి మామ జీపు పెట్టి ప్రొద్దుటూరికి తీసుకుపోయాడు. నేనూ ఎక్కాను. డాక్టరు గదిలోకి మా ఆయన వెంట అయిదారుగురు తోసుకుని వచ్చారు. పక్షం మనిషిని ఒంటరిగా వదలరు కదా, డాక్టరు దగ్గరయినా సరే.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. "నిద్ర పడుతుందా?" అని అడిగాడు.

మా ఆయన నోరు తెరిచాడు. అంతలో సుంకిరెడ్డి మామ, "పంతం పట్టినోనికి నిద్ర యాడిది సారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరూ నవ్వి, గ్యాసుకు మాత్రలు రాశాడు.

తెరిచిన నోరు మూసుకుని మా ఆయన నావైపు చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను. నా కళ్లకు ఆయన కనబడడం లేదు, ఆ గడప కాడి చెప్పులే కనబడుతున్నాయి.

మరుసటి వారం ఆయన బయలుదేరిన కాసేపటికి నేనూ జమ్మలమడుగు బస్సెక్కాను.

సందులో చెప్పులు ఉన్నాయి. గుల్జార్‌బీ చెప్పిన చోటే ఉన్నాయి, బుద్ధిగా జతగా విడిచినవి. మా ఇంట్లో ఒకటి వాకిట, ఒకటి అరుగు కింద ఉంటాయి. పక్క గోడ చుట్టి పెరటివైపు పోయాను. దడి సందులోంచి చూశాను.

దేవకుమారి ఆస్పత్రిలో ఆయా. ఎండాకాలం మధ్యాహ్నాలు కూలికి చింతకాయలు వలిచేది. పెరట్లో నీడన గోనె పట్ట మీద కాయల కుప్ప. కుప్పకు ఒక పక్క ఆమె, ఇంకో పక్క మా ఆయన. ఇంట్లో నీళ్ల చెంబు కూడా తనంతట తాను ముంచుకోని మనిషి, పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెంకు తీసి, ఈనె లాగి, రాతితో కొట్టి గింజ రాలుస్తున్నాడు. ఏడుస్తున్నాడు. భుజాలు ఎగసి పడుతున్నాయి, చీమిడి కారుతోంది, వేళ్లకు గుజ్జు అంటుకుని ఉంటే మణికట్టుతో తుడుచుకుంటున్నాడు. దేవకుమారి తల ఎత్తలేదు. ఓదార్చలేదు. ఆయన ముందు కాయలు అయిపోతే ఇంకొన్ని అటు జరిపింది, అంతే.

వాళ్లిద్దరినీ ఒక మంచం మీద చూసి ఉంటే నాకు ఏం చెయ్యాలో తెలిసేది. జుట్టు పట్టుకుని సందులోకి ఈడ్చి ఉండేదాన్ని. దానికి లోకంలో దారి ఉంది. దీనికి దారి లేదు. పెళ్లయినప్పటినుంచి నా కళ్ల ముందు ఒక్క చుక్క రాల్చని మనిషి ఇక్కడికి తెచ్చి కుమ్మరిస్తున్నాడు. మా ఇంట్లో మాత్రం చింతకాయలు లేవా? మూల గంపల నిండా ఉన్నాయి.

ఆస్పత్రి గోడ నీడన నిలబడి, ఆయన వెళ్లేదాకా ఉన్నాను. ఆయన నా ముందునుంచే పోయాడు, నన్ను చూడలేదు. ఎవరినీ చూడలేదు. అప్పుడు లోపలికి పోయాను.

దేవకుమారి ఉలిక్కిపడలేదు. "రా అక్కా. కూర్చో" అని ఆయన కూర్చున్న పీటే చూపించింది. నేను నేల మీద కూర్చున్నాను.

"ఎప్పటినుంచి?"

"ఏంది?"

"ఏడ్చేది."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "మట్టేసిన వారం. ఏమన్నా పనుంటే చెప్పమ్మా అనొచ్చినాడు. నేను కాయలు కొడతాండా. కూర్చున్యాడు. ఒక కాయ తీసుకున్యాడు. అంతే మొదలైంది."

"నీతో ఏం చెప్తాడు?"

"ఏమీ చెప్పడు. ఒక్కోతూరి 'బీడీ కట్ట' అంటాడు. బీడీ కట్ట, బీడీ కట్ట అని. నేను ఊ గూడా అనను."

"ఆయన్ను ఏమని పిలుస్తావు?"

"అన్నా అని."

మంచి జవాబే. నాకు మాత్రం చాలలేదు. "నా ముందర ఒక్కనాడు ఏడ్చలేదు" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

దేవకుమారి అప్పుడు నన్ను సరిగ్గా చూసింది. "నీకాడ ఆయప్ప మొగుడు గదక్కా. ఊర్లో పంతం పట్టినోడు. జీపులో పెద్దాయన మనిషి. ఈడ ఏమీ గాడు. ఏమీ గాని చోటనే ఏడ్చేదానికి అయితాది."

నేను లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. జిగురు చెయ్యి.

"నా మీద కోపం పెట్టుకో, వద్దనను. ఇది మాత్రం ఇను. చేతిలో కట్టె గూడా లేకుండా ఆయప్ప ఆ దావన ఎందుకొస్తాండాడో తెలుసునా?"

"ధైర్యం."

"ధైర్యం గాదు. ఎవురన్నా ఎదురొచ్చి ఆ పని చేసి పెడితే బాగుండునని."

"నీకు చెప్పినాడా?"

"చెప్పాల్నా? పురుగుల మందు తాగి వచ్చిన మొగోళ్లను ఎంతమందిని కడిగింటా ఆస్పత్రిలో. బతకాలని లేనోని మొగం ఎట్లుంటాదో నాకు తెలుసు."

నా చెవుల్లో ఊరి మాట మోగింది: ఎంత గుండెరా ఆయప్పకు. మా అరుగు మీద సుంకిరెడ్డి మామ అన్న మాట కూడా గుర్తొచ్చింది: ఓట్లకు ముందే ఆదినారాయణ చేతికి కత్తి ఇస్తా, పంతం తీర్చుకుంటాడు. అవతలి పక్షం వాళ్లకూ గడ్డం సంగతి చేరింది, వాళ్లూ ఊరికే కూర్చోరు. చంపడమో, చావడమో. మా ఆయనకు రెండోది కావాలి.

"గడ్డం తీయించు అక్కా" అంది దేవకుమారి. "మూలమంతా అదే."

"నేను తీయించలేను." ఆమె చేతిలోంచి నా చెయ్యి విడిపించుకున్నాను. "ఆ పంతం నా మనిషి కోసం పట్టింది గాదు. ఎవరి మొగుడు పోయినాడో ఆ ఆడమనిషి పదిమందిలో వద్దని చెప్పి, తన చేత్తో నీళ్లు తడిపితేనే ఆ గడ్డం దిగుతాది. నువ్వు రావాల."

ఆమె ఇంకో కాయ తీసి పెంకు వలిచింది. "ఆ దావ తొక్కనని కృపావరం కాడ అన్యా."

"ఇన్నా. ఆ పొద్దు నేనూ ఆడనే ఉండా."

"తెలిసీ అడుగుతాండావా?"

"అడుగుతాండా."

నా మొగుడి ప్రాణాన్ని ఆమె చేతిలో పెట్టి అడిగాను. నా బతుకులో అంత పుల్లటి మాట మరొకటి లేదు.

"పాస్టరయ్య ఈ పంతాలే తప్పంటాడు" అంది చివరికి. "తప్పును దింపేదానికి గూడా మళ్లా నేనే రావాల. ఆదివారం ప్రార్థన అయినంక వస్తాలే."

ఆదివారం మా అరుగు కింద ఓబన్న పొది విప్పి ఉన్నాడు. సుంకిరెడ్డి మామ మనుషులతో, జెండాలతో మా వాకిట్లోనే ఉన్నాడు, ప్రచారానికి గడ్డం మనిషిని ముందు నడిపించాలని. బస్సు దిగి తెల్ల చీరలో దేవకుమారి నడిచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. గాజుల గంపతో పోతున్న గుల్జార్‌బీ కూడా ఆగింది.

"మామా" అంది దేవకుమారి. "నా మొగుని పేరు మీద నాకు ఎవురి రగతమూ వద్దు."

సుంకిరెడ్డి మామ గొంతు సవరించుకున్నాడు. "వాడు ఉత్త నీ మొగుడేనా పాపా? నా జీపు డ్రైవరు గూడా."

"నీ డ్రైవరు పోతే ఇంగొకన్ని పెట్టుకున్యావు మామా. నా మొగుడు పోతే నేను పెట్టుకోలేదే."

ఆమె నావైపు తిరిగి, "చెంబు తీసుకురా అక్కా" అంది.

పొద్దున్నే చింతపండుతో తోమి పెట్టిన రాగి చెంబు తెచ్చాను. మా ఆయన ఓబన్న ముందు కూర్చున్నాడు. ఎవరు కూర్చోమన్నారో తెలియదు, కాళ్లు వాటంతట అవే మడుచుకున్నట్టు కూర్చున్నాడు. దేవకుమారి చెంబులో రెండు చేతులూ ముంచి ఆయన రెండు చెంపలూ తడిపింది. మెల్లగా, వేళ్లు గడ్డం లోపలికి పోనిచ్చి తడిపింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. పట్టపగలు పదిమందిలో మా ఆయన చెంప మీద నేను ఏనాడూ చెయ్యి వేసి ఎరగను. చెంబు పట్టుకుని నిలబడ్డాను. చెంబు నాది, చెయ్యి ఆమెది. అది చూస్తూ నిలబడినందుకే ఆయన నాకు మిగిలాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ పూట అనిపించలేదు.

ఓబన్న కత్తి దిగేకొద్దీ గడ్డం కిందినుంచి ముఖం బయటికి వచ్చింది. ముఖమా అది? బుగ్గలు లోపలికి పోయి, దవడ ఎముక తేలి, చిన్నపిల్లవాడి ముఖమంత అయి ఉంది. ఊరు ఇన్నాళ్లూ పులి అనుకున్నది దేన్నో ఆ పూట అందరికీ కనబడింది. ఒక్కొక్కరే చూపు పక్కకు తిప్పుకున్నారు.

సుంకిరెడ్డి మామ ఒక్కడే తిప్పుకోలేదు. "ఆదినారాయణా, ఇంగ గాజులు తొడుక్కోపో" అని, "ఏమే గుల్జార్‌బీ, ఉండాయా?" అన్నాడు.

"ఆ సైజు నా కాడ లేవు మామా" అంది గుల్జార్‌బీ గంప సర్దుకుంటూ. "నీకేమన్నా చూడమంటావా?"

ఎవరో నవ్వారు. సుంకిరెడ్డి మామ జెండా వాళ్లను కసిరి జీపెక్కాడు. ఓబన్న రాలిన వెంట్రుకలు ఊడ్చి దిబ్బలో పోశాడు.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఉండడం కుదరలేదు. పక్షం వదిలిన మనిషికి రెండు పక్కలా గోడలే. పులివెందులలో నా మేనత్త కొడుకు బత్తాయిలు పండే చీనీ తోటకు కాపలా కావాలన్నాడు. మూటలు కట్టుకుని బస్సెక్కాము. దారిలో జమ్మలమడుగులో దిగితే, దేవకుమారి మా ఆయనను ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. "ఒక్కడే లోపలికి పోవాల" అంది. నేనూ బయటే, ఆమె కూడా బయటే. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాము. ఆ తలుపు ఆమెకు కూడా మూసుకుందని నాకు కొంచెం హాయిగా ఉండింది. ఆయన బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. మాత్రలు ఇచ్చారు. అవి మనసుకు అని డాక్టరమ్మ నాతో చెప్పింది. ఎవరు అడిగినా కడుపుకు అని చెప్పాము. కడుపునొప్పి మగవాడికి పరువు తక్కువ కాదు.

తోటలో మోటారు గది పక్కనే మా గది. మూటల్లో వచ్చిన చింతకాయలు వానలు పడేలోపల వలుచుకోవాలని ఒక మధ్యాహ్నం పట్ట పరిచి కూర్చున్నాను. ఆయన గట్టు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటికో లేచి వచ్చి, కుప్పకు అవతలి పక్క చతికిలబడ్డాడు. ఒక కాయ తీసుకున్నాడు. పెంకు తీశాడు, ఈనె లాగాడు. రెండో కాయ తీసుకున్నాక చేతులు ఆగాయి. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

నా ఒళ్లంతా తల ఎత్తమంటోంది. లేచి పోయి తల నా కడుపుకు ఆనించుకోవాలని ఉంది. ఏమప్పా, ఏమైందప్పా అని అడగాలని, నన్ను విడిచి పోవు గదా అని ప్రమాణం చేయించుకోవాలని ఉంది. దడి సందులోంచి చూసిన దేవకుమారి వంచిన తల గుర్తుకొచ్చింది. నేనూ తల వంచాను. నా దగ్గరి కాయలు కొన్ని ఆయనవైపు జరిపాను.

"బీడీ కట్ట" అన్నాడు.

నేను ఊ అనలేదు. రాతితో గింజ కొట్టాను.

పొద్దు వాలేదాకా అలాగే ఉన్నాము. ఆ తర్వాత ఆయన లేచి, కాలువలో చేతులు కడుక్కుని, ముఖం కడుక్కుని, చెప్పులు వేసుకున్నాడు.

"మోటారు కట్టేసి వస్తా" అన్నాడు.

కృపావరం పేరు చెప్పుకుని ఆ తర్వాత ప్రతి ఎండాకాలం దేవకుమారికి ఒక గంప చింతకాయలు పంపించేదాన్ని. కాయలుగానే పంపేదాన్ని, వలవకుండా. "గింజ తీసి పంపితే ఏం పోతాది?" అని మా ఆయన రెండు మూడు సార్లు అడిగాడు. పని ఎక్కువని చెప్పాను. మా ఇంట్లో వలిచేది ఆయనే. వలిచి పంపితే ఆయన చేతులు మళ్లీ ఆ గడప దాటినట్టే ఉంటుంది నాకు.